భూపాలపల్లి అన్న సాక్ష్యం

మా అక్కకు టీవీల హత్యల పోటీ చూసుడంటే పాణం. ఆదివారం పొద్దూకంగనే కుట్టు మిషిను మీద గుడ్డ కప్పి, ఉడకబెట్టిన పల్లికాయ గిన్నెల పోసుకొని, గోడకు ఒరిగి కూసునేది. ఆ పోటీ సంగతి తెల్వనోళ్లకు చెప్పాలంటే, ఒక పెద్ద బంగ్లాల ఎవరో హత్య అయినట్టు నాటకం కడతరు. శవం వేషం ఒకరిది, అనుమానం ఉన్నోళ్ల వేషాలు ఇంకొందరివి. మనలాంటి మామూలు మనుషులను కొందరిని పిలిపించి ఆ బంగ్లాల ఉంచుతరు. వాళ్లు గదులు వెతకాలె, అందరిని ప్రశ్నలడగాలె, చంపింది ఎవరో తేల్చాలె. తప్పు చెప్పినోళ్లు ఇంటికి పోతరు. చివరిదాక నిలిచినోళ్లు గెలిచినట్టు.

అక్క సాక్ష్యాలు ఏవీ పట్టించుకోకపోయేది. మొఖాలు చూసి చెప్పేది. "గామెనే. చూడు, ఆ నవ్వు కండ్లదాక వస్తలేదు" అనేది. నేను దొరికిన వస్తువులన్నీ కలిపి చూసుకొని ఇంకొకరి పేరు చెప్పేదాన్ని. చాలాసార్లు ఇద్దరిదీ తప్పయ్యేది. తెల్లారి చాయ్ తాగుకుంట కూడా అదే ముచ్చట నడిచేది.

మేమిద్దరమే ఉండేటోళ్లం. జనగామల స్టేషన్‌కు అవతల రెండర్రల కిరాయిల్లు. అక్క పెండ్లి చేసుకోలేదు. నాది అయింది గని నిలవలేదు, ఏడాది తిరగకముందే ఆమె దగ్గరికి వచ్చేసిన. ఎందుకొచ్చినవని ఆమె ఒక్కనాడు అడగలేదు. తన చీరల పక్కన నా చీరలకు జాగ చేసింది. ఆమె జాకెట్లు కుట్టేది, నేను ఊరి బయట పత్తి మిల్లుల కాంటా దగ్గర పనికి కుదిరిన. ఇప్పటికీ అదే పని. పత్తి లారీ వచ్చి కాంటా మీద నిలవడుతది. అద్దాల గదిల కూసొని నేను తూకం చూసి చీటి కొడత. డ్రైవర్ కిటికీ సందుల చెయ్యి పెట్టి చీటి అందుకొని పోతడు. పొద్దంత నాకు కనపడేవి చేతులే. మొఖం వంచి లోపలికి చూసేటోళ్లు తక్కువ.

అక్కకు కిడ్నీలు పాడైనయి. వారం వారం ఆమెను హన్మకొండ దవాఖానకు బస్సుల తీసుకపోయి తీసుకొచ్చేదాన్ని. ఆ తిరుగుడుకు పాణం సొక్కిపోయి, ఆదివారం పోటీ మొదలైన జర సేపటికే ఆమెకు నిద్ర పట్టేది. లేచినంక "ఎవలు చంపిన్రు?" అని అడిగేది. నేను మొదటినుంచి పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. ఒక ఎండాకాలం ఆమె పోయింది. పదకొండోనాడు చుట్టాలందరు కూడా ఎవరిండ్లకు వాళ్లు పోయిన్రు.

తర్వాత వచ్చిన ఆదివారాలు నేను టీవీ పెట్టుడు మానలేదు. మానితే ఆ సాయంత్రం ఏం చెయ్యాల్నో తెల్వకపోయేది. ఒకసారి ఆటల మునిగి "అక్కా, ఆ డ్రైవరే" అని గట్టిగ అన్న. పక్క పోర్షన్ల ఉండే ఆమె గోడ అవతలి నుంచి, ఎవలన్న వచ్చిన్రా అని అడిగింది. ఎవలు రాలేదన్న. టీవీల డ్రైవర్‌నే పట్టుకున్నరు. చాన దినాలకు నేను అన్నది నిజమైంది, చెప్పుకునేందుకు మనిషి లేకపాయె.

ఆ రోజు ఆట అయిపోయినంక, వచ్చే పోటీల పాల్గొనాలనుకునేటోళ్లు చిన్న వీడియో తీసి పంపమని చూపించిన్రు. నాకేం బుద్ధి పుట్టిందో, మిషిను మీద ఫోన్ నిలబెట్టి ముందట కూసున్న. "ఇయ్యాల మా అక్క ఉంటె ఆమెను పంపేదాన్ని. ఆమె లేదు, నేను వస్త" అని చెప్పి పంపిన. పంపినంక సిగ్గయింది. కొన్నాళ్లకు హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. వానకాలం, మిల్లుల పత్తి లేదు. సేటును సెలవడిగితే, టీవీలకా అని నవ్వి పొమ్మన్నడు.

బంగ్లా హైదరాబాద్ అవతల, పొలాల నడుమ ఉన్నది. లోపలికి పోంగనే ఫోన్లు తీసుకున్నరు. ఎక్కడ చూసినా కెమెరాలే. నాతోని వచ్చినోళ్లంత పడుచోళ్లు, ఒక్కాయన తప్ప. ఆయన భూపాలపల్లి బొగ్గుబాయిల పనిచేసి రిటైరైనాయన. మనుమరాలు నవ్వులాటకు వీడియో తీసి పంపితే పిలుపొచ్చిందట. సన్నగ, పొడుగ్గ, కాలరు గుండీ దాక పెట్టుకొని, సర్కారు ఆఫీసుకు వచ్చినట్టు గోడ పొంటి నిలబడ్డడు. నా మాట వినంగనే "జనగామ దిక్కా చెల్లె?" అన్నడు. అప్పటినుంచి నాకు ఆయన అన్న.

మొదటి రోజే శవాన్ని చూపించిన్రు. పెద్ద హాల్ల నేల మీద ఒక అమ్మాయి పండుకొని ఉన్నది. నెత్తి కింద ఎర్ర రంగు. అందరు చుట్టు మూగి కిటికీలు, కప్పులు, కుర్చీలు చూస్తున్నరు. నేను ఆమె కాళ్లే చూసిన. ఏసీ చలికి పాదాల మీద వెంట్రుకలు లేచినయి. చీర కుచ్చిళ్లు పైకి జరిగినయి. ఏం ఆలోచన చెయ్యకుంట వంగి, చీర కిందికి గుంజి పాదాలు కప్పిన. శవం పెదవులు కదిలినయి, నవ్వు ఆపుకుంటున్నది. డైరెక్టర్ ఆపుమన్నడు. "అమ్మా, సాక్ష్యాలు చెరిపేస్తారా?" అన్నడు. అందరు నవ్విన్రు. నేను కూడా నవ్విన. కాని ఆ తర్వాత ఎంతసేపైనా ఆ పిల్లకు చలి పెడుతున్నదన్న సంగతి ఒక్కలు అనలేదు. మా అక్కకు చివరి రోజులల్ల పాదాలు గట్లనే సల్లబడేవి.

నేను మాట్లాడితే పడుచు పిల్లలు మురిసేటోళ్లు. డైరెక్టర్ పక్కనుండే అతను రోజూ నా దగ్గరికి వచ్చి, మీ యాస ఇంకొంచెం ఎక్కువ వాడండమ్మా, జనానికి బాగుంటదని చెప్పేటోడు. నేను మామూలుగ మాట్లాడేదే గది. ఎక్కువ ఎట్ల వాడాల్నో నాకు తెల్వలేదు. రెండు మూడు రోజులకు, నోరు తెరిచేముందు నా మాట నాకే వినపడుడు మొదలైంది. అట్ల వినపడినప్పటినుంచి మాట్లాడుడు తగ్గించిన.

భూపాలపల్లి అన్నకు ఆ కష్టం లేదు, మొదటినుంచీ ఆయన మాట్లాడేదే తక్కువ. అన్నం తినేటప్పుడు మేమిద్దరం బల్ల చివరన కూసునేటోళ్లం. భార్య పోయి మూడో ఏడు నడుస్తున్నదని చెప్పిండు. బాయి పని చేసినన్నాళ్లు షిఫ్టులు మారేవి, ఏ యాళకు ఇంటికొచ్చినా ఆమె లేచి తలుపు తీసేదట. ఇప్పుడు బయటికి పోయి వచ్చి, తాళంచెవి జేబులనే ఉన్నా కొంచెంసేపు తలుపు ముందట నిలబడతనని చెప్పిండు. చెప్పి, పప్పుల నిమ్మకాయ పిండుకున్నడు. నేను మా అక్క ముచ్చట చెప్పిన. ఆయన ఓదార్పు మాటలేం చెప్పలేదు. ఆమె ఏ కూర మంచిగ వండేది అని అడిగిండు. చింతచిగురు పప్పు అని చెప్పిన. అక్క పోయినంక ఆమె గురించి నన్ను ఎవరన్నా ఒక మాట అడిగింది అదే మొదలు.

సగం మంది ఇంటికి పోయినంక ఒకనాడు ఆట మార్చిన్రు. బంగ్లాల వంటమనిషి వేషం కట్టినాయన మధ్యాహ్నం చచ్చిపోయినట్టు చూపించి, ఈసారి చంపింది మీలనే ఒకరు అన్నరు. ఎవరో ఒకరి చెవుల ముందే చెప్పి ఉంచిన్రట. అందరం ఒకరినొకరు ప్రశ్నలడగాలె. చంపిన మనిషి ఒక్కరే అబద్ధం ఆడొచ్చు. వేరేవాళ్లు అబద్ధం చెప్పి కెమెరాల దొరికితే అప్పటికప్పుడు ఇంటికి పోవాలె. ఈ నియమం రెండుసార్లు చదివి వినిపించిన్రు.

నన్ను అడగాల్సింది హైదరాబాద్‌ల లా చదివే పిల్ల. చురుకు పిల్ల. కుర్చీల కూసోపెట్టి, మధ్యాహ్నం అన్నం తిన్నంక ఎక్కడున్నరు అని అడిగింది.

నేను బంగ్లా వెనక బట్టలుతికే బండ మీద ఉన్న. అటు కెమెరాలు లేవు, అందుకే పోయిన. అక్క కుట్టిన జాకెట్ ఒకటి తెచ్చుకున్న, దానికి హుక్కు ఊడింది. మేకప్ పిల్లను సూది దారం అడిగి తెచ్చుకొని కుట్టుకుంట కూసున్న. అవతల పొలంల ఇద్దరు ఆడోళ్లు నాట్లేస్తున్నరు. ఒకామె నడుం పట్టుకొని లేచి నన్ను చూసి చెయ్యి ఊపింది, నేనూ ఊపిన. గివన్నీ ఆ పిల్లకు చెప్పిన. సూది ఎట్ల జారిపోయింది, ఎట్ల దొరికింది, మబ్బు ఎట్ల పట్టింది, అన్నీ చెప్పిన. చెప్తుంటే ఇంకా చెప్పబుద్ధయింది. ఇన్నేండ్లల్ల నేను ఏడ ఉన్నననేది ఎవరికీ పని పడలేదు. ఆ పిల్ల గడియారం దిక్కు చూసుకున్నది.

"ఇదంతా సరే ఆంటీ. మీరు అక్కడున్నట్టు ఎవరు చూశారు?"

"ఎవలు చూడలే" అన్న.

"ఒక్కరు కూడా?"

నాట్లేసే ఆమె సాక్ష్యానికి రాదు కద. ఒక్కలు కూడా చూడలేదన్న. గదిల అందరు నన్నే చూస్తున్నరు. నేను చంపలేదు, నాకు భయం లేదు, అది ఆట. అయినా ఒక్కలు కూడా చూడలేదనే మాట నా నోటితోని నేను రెండుసార్లు ఒప్పుకోవలసి వచ్చింది.

అప్పుడు వెనకనుంచి అన్న లేచిండు.

"నేను చూసిన" అన్నడు. "వెనక బండ మీద కూసొని జాకెట్ కుట్టుకుంటున్నది. నేను కిటికీల నుంచి చూసిన."

ఆయన గది ముందు దిక్కుకు ఉంటది. ఆ కిటికీల నుంచి గేటు తప్ప ఇంకేం కనపడదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలుసు. అందరికీ తెలిసేందుకు ఎక్కువసేపు పట్టలేదు. ఆ యాళల్ల ఆయన మంచం మీద నిద్రపోతున్న బొమ్మ తెర మీద వేసి చూపించిన్రు. నిద్రల నోరు కొంచెం తెరిచి ఉన్నది. పిల్లలు పక్కున నవ్విన్రు. ఆయనను సామాను సర్దుకొమ్మన్నరు.

గేటు దాక నేను పోయిన. కెమెరా పట్టుకొని ఒకతను వెనకనే వచ్చిండు. తప్పని తెలిసి ఎందుకు చెప్పినవన్నా అని అడిగిన.

"ఎవలు చూడలేదని నువ్వంటుంటే నాకు మంచిగనిపియ్యలేదు చెల్లె. గంతే" అన్నడు. సంచి చంకకు వేసుకొని, ఫోన్ నంబర్ చీటి మీద రాసిచ్చి, భూపాలపల్లి వస్తే ఇంటికి రమ్మని చెప్పి కారెక్కిండు.

తెల్లారి నేను కూడా తప్పు పేరు చెప్పి బయటపడ్డ. కావాలని చెప్పలేదు. కాని సరైన పేరు కోసం పెద్దగ ఆలోచన కూడా చెయ్యలేదు.

పత్తి రాక మొదలైన దినాలల్ల ఆ పోటీ టీవీల వచ్చింది. నేను ఒక్కదాన్నే కూసొని చూసిన. శవం పాదాలు కప్పిన కాడ నవ్వులాట సంగీతం పెట్టిన్రు. దానికి ఏమనుకోలేదు. కాని మా ఇద్దరినీ చూపించినప్పుడల్ల పిల్లనగ్రోవి ఊదిన్రు. నేను నవ్వింది ఒక రోజైతే, ఆయన నా దిక్కు చూసింది ఇంకో రోజు. రెండూ ఒక్కకాడ కలిపి కుట్టిన్రు. మా అక్క పోయిన ముచ్చట తీసేసిన్రు, ఆయన భార్య ముచ్చట తీసేసిన్రు. మిగిలింది చూస్తే ఇద్దరు ముసలోళ్లు పప్పన్నం తినుకుంట ఒకరినొకరు చూసుకునుడే. గేటు కాడ ఆయన అన్న మాటను సగానికి కోసి పెట్టి, ఈ అబద్ధం వెనక అసలు కథేంటి అని యాంకర్ నవ్వింది. ఆయన నన్ను చెల్లె అని పిలిచింది ఒక్కచోట కూడా వినపడలేదు.

ఆ ముక్క ఫోన్లల్ల తిరిగింది. కాంటా కాడ డ్రైవర్లు కిటికీల నుంచి వంగి నా మొఖం చూసుడు మొదలువెట్టిన్రు. ఒకతను ఫోటో దిగిండు. ఒకతను, తాత మంచిగున్నడా అక్కా అని కన్నుగీటిండు. నేను చీటి చేతిల పెట్టి అద్దం మూసిన. ఇన్నేండ్లకు ఆ కిటికీ అవతల మొఖాలు కనపడ్డయి, ఒక్క మొఖం కూడా నాతోని మాట్లాడేందుకు రాలేదు. నెల తిరిగేసరికి మళ్ల చేతులే మిగిలినయి. సంతోషపడాల్నో బాధపడాల్నో తెల్వలేదు.

అన్నకు ఫోన్ చేస్తే మొదట్ల మోగింది, ఎత్తలేదు. తర్వాత మోగుడు కూడా బందైంది. ఏమైందో అని పరేషాన్ అయింది. ఒక ఆదివారం హన్మకొండ పోయి, అక్కడ బస్సు మారి, పరకాల మీంచి భూపాలపల్లి పోయిన. బొగ్గు లారీల ధూళికి తొవ్వ పొంటి చెట్ల ఆకులు నల్లగున్నయి. అడుక్కుంట పోతే ఇల్లు దొరికింది, తాళం వేసి ఉన్నది. ఆ తలుపు ముందట నేను కూడా కొంచెంసేపు నిలబడ్డ. పక్కింటామె నన్ను చూడంగనే గుర్తుపట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. బిడ్డ వచ్చి తీసుకపోయింది మానుకోటకు, ఇగ అక్కడనే ఉంటడట అని చెప్పింది. కురవి రోడ్డు మీద అల్లునికి ఎరువుల దుకాణం ఉన్నదని, దాని వెనకనే ఇల్లని చెప్పింది.

మరో ఆదివారం మానుకోట రైలెక్కిన. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తరు గని మా దిక్కు మానుకోటనే అంటరు. దుకాణం తేలిగ్గనే దొరికింది. వెనక ఇంటి గేటు కాడ ఒకామె బట్టలు ఆరేస్తున్నది. నన్ను చూసి చేతిల బట్ట అట్లనే పట్టుకొని నిలబడ్డది. అన్న కండ్లే ఆమెకు. రమ్మని అనలేదు, పొమ్మని అనలేదు. పక్కిండ్లల్ల నుంచి తొంగిచూసుడు మొదలైనంక గేటు తీసింది.

అన్న అంగీ తొడుక్కొని వచ్చిండు. మళ్ల కాలరు గుండీ దాక పెట్టుకున్నడు. చిక్కిండు. చెల్లె, మంచిగున్నవా అన్నడు. మంచిగున్న అన్న. పత్తి ఎట్ల వస్తున్నది, జనగామల వానలు ఎట్ల పడ్డయి అని అడిగిండు. బిడ్డ చాయ్ తెచ్చి పెట్టి మా ఎదురుంగ కూసున్నది, లేవలేదు. జర సేపటికి ఆమెనే మొదలువెట్టింది.

"మా నాయినను చూసి చుట్టాలంత నవ్వుతున్నరు. మా ఆయన దుకాణంకాడికొచ్చి అడుగుతున్నరు. నాకెట్ల ఉంటది మీరే చెప్పున్రి."

నా మీద కూడా నవ్విన్రు బిడ్డా అని చెప్పిన. వాళ్లు మాటలు ఎట్ల కోసి కలిపిన్రో చెప్పిన. ఆమె నమ్మినట్టు కనపడలేదు. అన్న నేల దిక్కు చూసుకుంట, "అబద్ధం చెప్పింది నేను. ఆమె చెప్పమనలేదు. ఆమెను ఏమనకు" అన్నడు. చాయ్ తాగకుంటనే కప్పు కింద పెట్టిండు. నేను ఇంకా ఉంటె ఆయనకే కష్టమని లేచిన.

ఆటో కోసం నిలబడితే బిడ్డ స్కూటీ తీసి, స్టేషన్ల దించుత ఎక్కుమన్నది. తొందరగ పంపాలనేమో అనుకొని ఎక్కిన. దించి పోతదనుకున్న. బండి పక్కకు పెట్టి ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. రైలు ఆలస్యమన్నరు. బెంచీ మీద నా పక్కన, మధ్యల ఒక మనిషి పట్టే జాగ వదిలి కూసున్నది. అప్పుడు చెప్పింది.

"ఫోన్ నేనే బంద్ చేసిన. ఆయనకు తెల్వదు."

నేను సంచి ఒళ్లెకు తీసుకున్న.

"అమ్మ పోయినంక రోజూ ఫోన్ చేసేదాన్ని ఆంటీ. తిన్నవా నాయినా అంటే తిన్న అనేటోడు. గంతకంటె ఒక్క మాట వచ్చేది కాదు. తలుపు ముందట నిలబడతనని మాకెన్నడు చెప్పలే. ఆ ముచ్చట టీవీల రాలేదు, మొన్న నాకు జొరమొస్తే పక్కన కూసొని చెప్పిండు. అంతకుముందే మీకు చెప్పినని కూడా అన్నడు. జనం నవ్వినదానికంటె గందుకే నాకు ఎక్కువ కోపమొచ్చింది."

ఆమె ఏడవలేదు. దూరం పట్టాల దిక్కు చూసుకుంట చెప్పింది. అప్పుడు నాకు ఏదన్న మంచి మాట తట్టి ఉంటె బాగుండు. బిడ్డలకు చెప్పలేనివి బయటోళ్లకు చెప్పుకుంటరు, తెల్లారి మళ్ల కనపడరు కాబట్టి అని మాత్రం అన్న. ఆమె విన్నదో లేదో. రైలు వచ్చిందాక ఉన్నది. కిటికీ కాడ సీటు దొరికిందా అని చూసి, దొరికింది అని చెయ్యి చూపిస్తే తలాడించి వెనకకు తిరిగింది.

చాన దినాలు అటునుంచి ఏ ఫోనూ రాలేదు. నేనూ చెయ్యలేదు. పత్తి రాక తగ్గి మిల్లుల పని సన్నబడ్డంక ఒక సాయంత్రం తెల్వని నంబర్ నుంచి మోగింది. బిడ్డ. ఎట్లున్నరు ఆంటీ అని అడిగి, నాయినకు ఇస్తున్న అన్నది. అన్న వచ్చి, కురవి జాతరకు పోయొచ్చినం, మస్తు జనం అన్నడు. ఈడ ఎండలు మొదలైనయి అని నేనన్న. ఆడ కూడా అన్నడు. వెనక నుంచి మనుమరాలు ఏదో పాఠం గట్టిగ చదువుతున్నది, అది వినుకుంట ఇద్దరం కొంచెంసేపు ఫోన్ అట్లనే పట్టుకున్నం. సరే చెల్లె, ఉంట మరి అన్నడు.

ఎప్పుడన్న ఒకసారి అట్ల మోగుతది. ఎక్కువ దినాలు మోగదు. మోగని సాయంత్రాలు మిల్లు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, ఒక్క మనిషికి బియ్యం కడిగి పొయ్యి మీద పెడత.